చట్టసభల కొలువు, రాజకీయ రచన: నెల్లూరు తీరం

శాసనసభ సచివాలయంలో గుమాస్తాగానో ప్రతివేదకుడుగానో చేరి అక్కడే తల నెరిసినవారు ఒక వర్గం. సభ్యుల వెంట, మంత్రుల వెంట కార్యదర్శులుగా, పీఏలుగా తిరిగినవారు రెండో వర్గం. సభలో జరిగేదాన్ని చూసి పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ రాసినవారు మూడో వర్గం. ముగ్గురి పనీ కాగితం మీదే. మొదటివారు రాసింది సభ పేర, రెండోవారు రాసింది సభ్యుడి పేర చలామణి అవుతుంది. సొంత పేరు మిగిలేది మూడోవారికే, అదీ పత్రిక బతికినంత కాలం. ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన తడ దాకా సాగే నెల్లూరు తీరంలో ఈ మూడు పనులూ ఎలా పెనవేసుకున్నాయో ఈ వ్యాసం చెబుతుంది.

జిల్లా ఎల్లలు చాలాసార్లు మారాయి. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరుకు పోయింది. 1970లో కందుకూరు వైపు ప్రాంతం కొత్త ఒంగోలు జిల్లాలో, అంటే తరువాతి ప్రకాశం జిల్లాలో కలిసింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు తిరిగి వచ్చింది, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లింది. కాబట్టి ఇక్కడ నెల్లూరు తీరం అంటే పాత జిల్లా కోస్తా అని గ్రహించాలి.

తెలుగునాట ఈ రంగంలో ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. సభలో దీర్ఘకాలం ఉన్న ఉద్యోగులు రాయలేదు. రాసినవారికి సభలో అంతకాలం చోటు దొరకలేదు. ఆ రెండు ఒడ్లకూ నడుమ నిలబడిన కొందరిని మాత్రం నెల్లూరు ఇచ్చింది. చట్టసభల చరిత్రను సభ్యుల గొంతుతో మాత్రమే వినడం అలవాటైన మనకు వీరి పని వేరే వైపు నుంచి ఆ చరిత్రను చూపిస్తుంది.

కొలువు స్వరూపం

చట్టసభ సిబ్బంది ప్రభుత్వానికి లోబడి ఉండకూడదన్న ఆలోచన మన దేశంలో విఠల్‌భాయ్ పటేల్ పట్టుదలతో గెలిచింది. కేంద్ర శాసనసభ అధ్యక్షుడుగా ఆయన 1928లో ఈ వాదన లేవదీశారు. సభ ఏ ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తుందో ఆ ప్రభుత్వపు ఉద్యోగులే సభ కాగితాలు చూసుకుంటే ఆ ప్రశ్నకు విలువేముంటుంది? 1929 జనవరిలో సభకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. రాజ్యాంగం ఈ సూత్రాన్ని పార్లమెంటుకు 98వ అధికరణంలోనూ రాష్ట్రాల శాసనసభలకు 187వ అధికరణంలోనూ స్థిరపరచింది. శాసనమండలి కూడా ఉన్న రాష్ట్రంలో రెండు సభలకూ ఉమ్మడి పోస్టులు ఉండవచ్చన్నది 187లోని వెసులుబాటు. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1958లో పుట్టింది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. సభ పోయినా ఉద్యోగులు పోకుండా నిలవడానికి ఇలాంటి ఏర్పాట్లే ఆధారం.

ఈ ఉద్యోగుల పని బయటివారికి తెలియదు. సభ్యుడు ఇచ్చిన ప్రశ్న నిబంధనలకు సరిపోతుందో లేదో చూడాలి. దాన్ని నక్షత్రం గుర్తు ప్రశ్నగా చేర్చాలో వేరే పట్టీలో పెట్టాలో తేల్చాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం ప్రశ్నలే ఉంటాయి, లిఖిత సమాధానాలకు 230 దాకా అవకాశం ఉంటుంది. ఎవరి ప్రశ్న ఎక్కడ పడుతుందన్నది చిన్న విషయం కాదు. బిల్లులు, సవరణలు, కోత తీర్మానాలు, సభా హక్కుల నోటీసులు, మర్నాటి ఎజెండా, బులెటిన్ అన్నీ ఈ బల్లల మీదుగానే పోవాలి. ప్రజాపద్దుల సంఘం, అంచనాల సంఘం, హామీల అమలు సంఘం వంటివాటికి నివేదికలు రాసిపెట్టేది వీరే. సంఘంలో సభ్యులు ఏడాదికో రెండేళ్లకో మారిపోతారు. పదేళ్ల కిందట ఏ శాఖ ఏ హామీ ఇచ్చి తప్పించుకుందో గుర్తుండేది సెక్షన్ ఆఫీసర్‌కే. ఈ జ్ఞాపకమే ఈ కొలువులో అసలైన అధికారమని నా అభిప్రాయం. జీతపు పట్టీలో అది ఎక్కడా కనబడదు.

ప్రతివేదకులు, భాష

సభలో పలికిన ప్రతి మాటనూ సంక్షిప్త లిపిలో పట్టుకునేవారు ప్రతివేదకులు. ఒకే మనిషి గంటల తరబడి రాయలేడు కనుక కొద్ది నిమిషాలకు ఒకరు చొప్పున వంతులు వేసుకుంటారు. వంతు అయిన వ్యక్తి లోపలికి వెళ్లి తాను పట్టుకున్నదాన్ని విప్పి రాస్తుంటే ఇంకొకరు సభలో కూర్చుంటారు. ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒకేసారి అరుస్తున్నప్పుడు ఏది ఎవరి మాట అని తేల్చడం, సామెతలో సగం మింగేసిన సభ్యుడి వాక్యాన్ని అర్థం చెడకుండా నిలబెట్టడం, అధ్యక్షస్థానం తొలగించమన్న మాటను మాత్రమే తొలగించడం ఈ పనిలోని మెలకువలు. రాసే చేతికి సొంత అభిప్రాయం ఉండకూడదు. చెవికి మాత్రం అన్ని జిల్లాల యాసలూ తెలిసి ఉండాలి.

మద్రాసు కాలంలో ఈ పని ఇంకొంత చిక్కు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ప్రకారం సభా వ్యవహారం ఇంగ్లీషులో సాగాలి, ఇంగ్లీషు రానివారు మాత్రం తమ భాషలో మాట్లాడవచ్చు. అంటే తెలుగు మాట్లాడటం హక్కుగా కాక వెసులుబాటుగా ఉండేది. పైగా తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వినబడే సభ అది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు రాష్ట్రపు కాగితాల మీదికి అధికారికంగా ఎక్కింది. ఆ తరువాత బిల్లులకు తెలుగు అనువాదాలు, వాటికి తగిన పదజాలం అవసరమయ్యాయి. 'ద్రవ్య వినిమయ బిల్లు', 'సభా సమక్షంలో ఉంచడం', 'వాయిదా తీర్మానం' వంటి మాటలు ఇప్పుడు పత్రికలు చదివే పల్లెటూరి మనిషికీ తెలుసు. వాటిని ముందుగా కూర్చినవారి పేర్లు ఎవరికీ తెలియవు.

ఈ భాషా ప్రశ్న చివరకు ఢిల్లీలో ఒక నెల్లూరు మనిషి బల్ల ముందుకు వచ్చింది. చవటపాలెంలో 1949లో పుట్టి, ఉదయగిరి నుంచి 1978లోనూ 1983లోనూ శాసనసభకు గెలిచిన ముప్పవరపు వెంకయ్యనాయుడు 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతి హోదాలో రాజ్యసభ అధ్యక్షులుగా ఉన్నారు. అప్పటికి 17 భాషలకు అనువాదకులు ఉండగా, 2018లో డోగ్రీ, కాశ్మీరీ, కొంకణీ, సంతాలీ, సింధీ కూడా చేర్చి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ సభ్యులు మాట్లాడే ఏర్పాటు చేశారు. వార్తల్లో వచ్చింది అధ్యక్షుడి ప్రకటన. అద్దాల గదిలో కూర్చుని, వక్త వాక్యం ముగించకముందే దాన్ని మరో భాషలో మొదలుపెట్టాల్సింది సిబ్బంది.

ఊరు మారిన కచేరీ

తెలుగు శాసనసభ ఉద్యోగి జీవితంలో బదిలీ ఒక వింత. అతన్ని ఎవరూ బదిలీ చేయరు, సభే ఊరు మారుతుంది. మద్రాసులో చేరినవాడు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే కర్నూలు వెళ్లాలి. గుడారాల్లో కచేరీలు నడిచిన ఊరది. మూడేళ్లకే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో మకాం హైదరాబాదుకు మారింది. పబ్లిక్ గార్డెన్స్ పక్కన 1913లో పూర్తయిన టౌన్‌హాలు శాసనసభ భవనమైంది. 140 మందితో మొదలైన ఆంధ్ర శాసనసభ 1955 ఎన్నికలకు 196 మందికి పెరిగి, హైదరాబాదులో 301 మంది సభగా నిలిచింది. నోటీసులు, ప్రశ్నలు, కాగితాలు అదే లెక్కన పెరిగాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగి సిబ్బంది రెండుగా చీలారు. 2017 మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడిలో జరుగుతోంది.

నెల్లూరు తీరం వారికి ఈ మార్పుల్లో మొదటిదే ఎక్కువ కష్టమనిపించి ఉండాలి. వారికి మద్రాసు పొరుగూరు లాంటిది. రైలెక్కితే కొద్ది గంటల ప్రయాణం. చదువుకు, కోర్టుకు, వైద్యానికి, పత్రికకు అదే పట్నం. నెల్లూరు రాజకీయ రచన అంతా మద్రాసు గాలి పీల్చే పెరిగింది. కర్నూలుకు అలాంటి దారి లేదు.

కార్యదర్శులు ఎందుకు రాయలేదు

బ్రిటన్‌లో కామన్స్ సభ ఉద్యోగి థామస్ ఎర్‌స్కిన్ మే 1844లో ప్రచురించిన సభా సంప్రదాయాల గ్రంథం ఇప్పటికీ ఆయన పేరుతోనే కూర్పు మీద కూర్పుగా వస్తోంది. మన దేశంలో లోక్‌సభ కార్యదర్శులు ఎం.ఎన్.కౌల్, ఎస్.ఎల్.శక్ధర్ కలిసి 1968లో పార్లమెంటు ఆచారాల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. సుభాష్ కాశ్యప్ లోక్‌సభ సెక్రటరీ జనరల్‌గా ఉండి చాలా పుస్తకాలు రాశారు. మద్రాసు శాసనసభ కార్యదర్శిగా పనిచేసిన ఆర్.వి.కృష్ణయ్యర్ ఆనాటి సభల మీద ఇంగ్లీషులో రాసిన జ్ఞాపకాలు 1956లో వెలువడ్డాయి. తెలుగులో ఆ తీరు పుస్తకం కోసం వెతికితే సభాపతుల ఆత్మకథల దగ్గరే ఆగిపోవాలి. ఆంధ్రప్రదేశ్ తొలి సభాపతి అయ్యదేవర కాళేశ్వరరావు 'నవ్యాంధ్రము, నా జీవితకథ' అలాంటిది. పై నుంచి చూసిన దృశ్యం అది. కింద బల్లల దగ్గరి దృశ్యం తెలుగులో రాలేదు.

కారణం కొంత నిబంధనల్లో ఉంది. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా 1964 నాటిది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించే రచనను ఒప్పుకోదు. కథ, కవిత్వం, కళ, శాస్త్రం రాసుకోవడానికి మాత్రం సడలింపు ఉంటుంది. రాజకీయాన్ని అందరికంటే దగ్గరగా చూసే మనిషి ప్రకృతి మీద పద్యం రాయవచ్చు, తాను చూసినదాని మీద వ్యాసం రాయకూడదన్నమాట. మన కచేరీల నుంచి ఇంతమంది కవులు పుట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రెండో కారణం ఉద్యోగ ధర్మం. నోరు విప్పిన కార్యదర్శిని రేపు ఏ పక్షమూ నమ్మదు. నోరు విప్పకపోయినా తగాదా నడుమ చిక్కుకోవలసి వస్తుందని 2020 చూపించింది. ఆ ఏడాది జనవరిలో మూడు రాజధానుల బిల్లునూ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) రద్దు బిల్లునూ శాసనమండలి అధ్యక్షులు ఎం.ఎ.షరీఫ్ సెలెక్ట్ కమిటీకి పంపారు. కమిటీ ఏర్పాటు ఫైలును శాసనసభ కార్యదర్శి నిబంధనలు చూపి వెనక్కి పంపారు. ఒక పక్షం ఆయనది ధిక్కారమంది, మరో పక్షం నియమపాలన అంది. మండలినే రద్దు చేయాలని శాసనసభ చేసిన తీర్మానాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకోవడంతో ఆ ఘట్టం ముగిసింది. 187వ అధికరణం సిబ్బందిని ప్రభుత్వం నుంచి వేరుచేసింది, కానీ అధ్యక్షుడికీ ప్రభుత్వానికీ పడనప్పుడు కార్యదర్శి ఎటు నిలవాలో అందులో లేదు.

2021 సెప్టెంబరులో ఢిల్లీలో మరొకటి జరిగింది. పార్లమెంటు కొలువులో దాదాపు నాలుగు దశాబ్దాలు గడిపిన తెలుగువారైన పి.పి.కె.రామాచార్యులను వెంకయ్యనాయుడు రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా నియమించారు. సొంత సచివాలయంలో కింది నుంచి ఎదిగిన వ్యక్తి ఆ పదవికి రావడం అదే మొదటిసారి అని అప్పట్లో చెప్పుకున్నారు. నవంబరులోనే ఆ స్థానంలోకి బయటి నుంచి, ఆదాయపు పన్ను సర్వీసు నుంచి వచ్చిన అధికారిని తీసుకున్నారు. ఈ కొలువులో పై మెట్టు ఎంత దూరమో ఆ మూడు నెలల్లో కనిపించింది.

దంపూరు నుంచి మద్రాసుకు

నెల్లూరు రాజకీయ రచనకు ఆద్యుడిగా దంపూరు నరసయ్యను చెప్పుకోవాలి. జీవితకాలం 1849 నుంచి 1909. ఆయన ఇంటిపేరులోని దంపూరు, కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు, రెండూ ఇప్పటి విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరలోని పల్లెలు. కాంగ్రెస్ పుట్టకముందే నరసయ్య ఇంగ్లీషులో పత్రిక నడిపారు. నెల్లూరులో 'నెల్లూరు పయొనీర్', మద్రాసులో 1881 నుంచి 'పీపుల్స్ ఫ్రెండ్', చివరికి ఊరి రైతుల కోసం 'ఆంధ్ర భాషా గ్రామ వర్తమాని' ఆయనవే. కొంతకాలం బడుల పర్యవేక్షకుడుగా ఉద్యోగం చేసి, ఆ తరువాత ఏలినవారి తప్పులెన్నే పనికి దిగారు. ఎన్నికైన చట్టసభ లేని రోజుల్లో పత్రికే సభ, సంపాదకీయమే ప్రశ్నోత్తరాల సమయం. నరసయ్యను మరిచిపోయిన దాదాపు వందేళ్లకు నెల్లూరు పరిశోధకులు కాళిదాసు పురుషోత్తం ఆయన జీవితచరిత్ర రాసి తిరిగి నిలబెట్టారు.

ఆ దారిలో తరువాతి పెద్ద పేరు ఖాసా సుబ్బారావు. 1896లో నెల్లూరులో పుట్టి 1961లో పోయిన ఈయన, మాస్టరు ఉద్యోగం మాని టంగుటూరి ప్రకాశం నడిపిన 'స్వరాజ్య' దినపత్రికలో చేరారు. ప్రకాశం 1921లో మద్రాసులో పెట్టిన ఆ పత్రిక జీతాలు సరిగా ఇవ్వలేని పత్రిక, కానీ దక్షిణాదిలో ఒక తరం పాత్రికేయులు అక్కడే తయారయ్యారు. చీరాలకు చెందిన కోటంరాజు రామారావు కూడా స్వరాజ్య నీడలో నడిచినవారే. ఆయన 1938లో లక్నోలో 'నేషనల్ హెరాల్డ్' తొలి సంపాదకుడై, 1952లో రాజ్యసభకు వెళ్లారు. శాసనోల్లంఘన రోజుల్లో మద్రాసు వీధిలో పోలీసుల లాఠీలకు సుబ్బారావు ఒళ్లంతా దెబ్బతిన్నది అప్పట్లో పెద్ద వివాదమైంది.

సుబ్బారావు ప్రత్యేకత మనుషుల్ని చదవడం. 1941లో వచ్చిన ఆయన ఇంగ్లీషు పుస్తకం 'మెన్ ఇన్ ది లైమ్‌లైట్' నాయకుల చిత్రణల సంపుటి. 1946లో సొంతంగా 'స్వతంత్ర' వారపత్రిక పెట్టారు. దాని తోబుట్టువుగా వచ్చిన 'తెలుగు స్వతంత్ర' గోరాశాస్త్రి చేతుల్లో తెలుగు సాహిత్య పత్రికల్లో ఒక మేలు మజిలీ అయింది. 1956లో సుబ్బారావు మొదలుపెట్టిన కొత్త 'స్వరాజ్య' వారపత్రికలో రాజాజీ క్రమం తప్పకుండా రాశారు. ప్రకాశం దగ్గర పని నేర్చిన మనిషి, ప్రకాశానికి చాలాకాలం ప్రత్యర్థి అయిన రాజాజీకి వేదిక ఇచ్చాడు. దీన్ని నిలకడలేమి అనేవారు ఉన్నారు. నా లెక్కలో అది పాత్రికేయుడి స్వేచ్ఛ. పార్టీ కొలువులో ఉన్నవాడికి ఆ స్వేచ్ఛ ఉండదు.

అర్జీ చట్టంగా మారిన తీరు

ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం ఇది. సభలో ఒక వాక్యం చట్టమవుతుందంటే దాని మొదటి చిత్తుప్రతి ఎక్కడో రచ్చబండ దగ్గర, బుడ్డిదీపం వెలుతురులో రాసిన అర్జీ అయి ఉంటుంది. నెల్లూరు సీమలో వెంకటగిరి పెద్ద జమీ. శిస్తు హెచ్చు, అడవి పుల్లకు పన్ను, చెరువు మరమ్మతు ఊసు లేదు, పశువుల మేతకు రుసుము. ఈ బాధల మీద 1930 దశకంలో రైతుల ఉద్యమం లేచింది. నెల్లూరు వెంకట్రామానాయుడు సంపాదకత్వంలో 'జమీన్ రైతు' వారపత్రిక దాని గొంతయింది. పత్రిక పేరు ఏ వర్గానికి ఏ వర్గం మీద ఫిర్యాదో నేరుగా చెప్పేస్తుంది. ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాలు, రసీదుల వివరాలు, దివాణం ఉద్యోగుల ఆగడాలు అచ్చయ్యేవి. ఉద్యమం తీరాక మూతపడే పత్రికల్లో ఇది చేరలేదు. జమీందారీలు పోయిన చాలా దశాబ్దాలకు కూడా జిల్లా రాజకీయాల మీద ఘాటుగా రాస్తూ నెల్లూరులో కొనసాగింది. ఒక జిల్లా ఎమ్మెల్యేల వంశవృక్షం, కక్షలు, పొత్తులు అన్నీ గుర్తుపెట్టుకున్న పత్రిక అది. శాసనసభ సచివాలయానికి సభాపరమైన జ్ఞాపకం ఉన్నట్టే నెల్లూరుకు 'జమీన్ రైతు' ఉంది.

1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ప్రకాశం రెవెన్యూ మంత్రి, బుచ్చిరెడ్డిపాళెంలో పుట్టిన ముప్పై ఏళ్ల బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పాలన మంత్రి. 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టం పనితీరు విచారించడానికి ఉభయసభల సభ్యులతో ప్రకాశం అధ్యక్షుడుగా కమిటీ ఏర్పడింది. జమీందారుల నుంచీ రైతుల నుంచీ సాక్ష్యాలు తీసుకుంది. 1938లో వచ్చిన నివేదిక, సాక్ష్యాలతో కలిపి పలు సంపుటాలు. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని అది తేల్చింది. 1939 జనవరిలో శాసనసభ నివేదికను ఆమోదించింది. అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో చట్టం రాలేదు. చివరకు 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. కమిటీ సంపుటాలు తిరగేస్తే పల్లె రైతు చెప్పిన మాట ఇంగ్లీషులోకి, సాక్ష్యంలోకి, పేరాలోకి, సిఫారసులోకి మారుతూ పోవడం కనిపిస్తుంది. ప్రతి మలుపులో ఒక గుమాస్తా చెయ్యి ఉంటుంది.

రెండో కథ వెన్నెలకంటి రాఘవయ్యది. 1897లో పుట్టి 1981లో పోయిన రాఘవయ్యలో సభ, కచేరీ, కలం మూడూ కలిశాయి. తీరం వెంట పులికాటు దాకా, శ్రీహరికోట అడవుల దాకా బతికే యానాదులు ఆయన విషయం. ఎలుకలు పట్టడం, చేపలు పట్టడం, పొలాల కావలి వారి బతుకు. నేరస్త జాతుల చట్టం కింద పోలీసుల పట్టీకెక్కి, రాత్రిళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవలసిన స్థితి కొందరిది. ఇదే తీరంలో కావలి దగ్గర ఎరుకలవారి కోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ బాడెన్ నడిపిన సెటిల్‌మెంటు ఉండేది. సంస్కరణ పేరుతో నడిచిన నిర్బంధ నివాసం అది. రాఘవయ్య యానాదులను సంఘంగా కూడగట్టి, మద్రాసు శాసనసభలో అడుగుపెట్టి, 1946లో ప్రకాశం ప్రభుత్వంలో పార్లమెంటరీ కార్యదర్శి అయ్యారు. ఈ పదవి సిబ్బంది పదవి కాదు, మంత్రికి సాయంగా ఉండే సభ్యుడిది. కానీ చేయవలసిన పని చాలావరకు సిబ్బంది పనే: ఫైళ్లు చదవడం, సమాధానాలు సిద్ధం చేయడం. 1947లో మద్రాసు ప్రభుత్వం నేరస్త జాతుల చట్టాన్ని రద్దు చేసింది, 1952లో దేశమంతటా రద్దయింది.

రద్దు అయ్యాకే రాఘవయ్య రచయితగా తీరిగ్గా కూర్చున్నారు. యానాదుల మీద 1962లో, సంచార జాతుల మీద 1968లో, గిరిజన తిరుగుబాట్ల మీద 1971లో ఇంగ్లీషులో పుస్తకాలు తెచ్చారు. మానవశాస్త్రవేత్తలకు వాటి పద్ధతి నచ్చకపోవచ్చు. ఆయన వరుస అర్జీదారుడిది: వివరం, దాని వెంటనే కోరిక. యానాదుల ఆచారం గురించి చెబుతూనే భూమి ఎందుకివ్వాలో చెబుతారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఒక చట్టాన్ని కదిలించి, ఆ చట్టం దెబ్బ తిన్నవారి గురించి ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా రాస్తూ ఉన్న మరొక మనిషి తెలుగు సభల్లో నాకు తట్టడం లేదు.

సభ్యుల కలాలు

రాజ్యాంగ ముసాయిదా సంఘంలో ఏడుగురిలో ఒకరైన అల్లాడి కృష్ణస్వామయ్యర్ 1883లో అప్పటి నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టారు. 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్. రాజ్యాంగ పదాల బరువు తూచినవారిలో ఆయన ముందు వరుస.

అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య రాయడాన్ని సభాకార్యంలో భాగంగా చూసిన మనిషి. 1946లో 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం', 1972లో తెలంగాణ సాయుధ పోరాటం మీద పెద్ద గ్రంథం. 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు, తరువాత గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు. సైకిల్ మీద సభకు వెళ్లడం గురించి అందరూ చెప్పుకుంటారు. అంకెలు, నివేదికలు, పాత ప్రభుత్వ పత్రాలు దగ్గర పెట్టుకుని మాట్లాడే అలవాటు గురించి తక్కువ చెప్పుకుంటారు, అదే ఎక్కువ ముఖ్యం. ఆయన పేరుతో హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఉన్న విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఆ అలవాటుకు తగిన స్మారకం.

గోపాలరెడ్డి 1955 మార్చి నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా ఆంధ్ర ముఖ్యమంత్రి. శాంతినికేతనంలో చదివి రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చారు. రాజకీయాల్లో దశాబ్దాలు గడిపి రాజకీయం గురించి కాక కవిత్వం రాసుకోవడం ఆయన ఎంపిక. కావలి జవహర్ భారతి కళాశాలలో పాఠాలు చెప్పిన కె.వి.రమణారెడ్డి దీనికి సరిగ్గా ఎదుటి కొస. ఎమర్జెన్సీలో జైలుకెళ్లి 'డిటెన్యూ డైరీ' రాశారు.

పీఏలు

మన జిల్లాల్లో ఎమ్మెల్యే పీఏ అంటే సిఫారసు ఉత్తరాలు, ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తులు, బదిలీల పైరవీలు, పెళ్లిళ్ల పట్టీ. ప్రశ్నలు తయారు చేయడం, బిల్లు చదివి పెట్టడం ఆ పనుల్లో చివరికి వస్తుంది, చాలాచోట్ల అసలు రాదు. అమెరికాలో కాంగ్రెస్ సభ్యులకు అధ్యయనం చేసిపెట్టే విభాగం 1914 నుంచే ఉంది, సభ్యుల కార్యాలయాల్లో ముప్పై నలభై ఏళ్లు గడిపేవారూ ఉంటారు. మన దగ్గర పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ 2010లో మొదలుపెట్టిన ఫెలోషిప్ ద్వారా యువతీయువకులు ఎంపీల దగ్గర ఏడాది పాటు పనిచేస్తారు. ఏడాది గడవగానే వెళ్లిపోతారు. దీర్ఘకాలం ఉండేది పాత పీఏనే.

కార్యదర్శి కొలువూ రచనా కలిసిన అరుదైన ఉదాహరణ విజయవాడ తుర్లపాటి కుటుంబరావు. కుర్రతనంలోనే ప్రకాశానికి కార్యదర్శి అయ్యారు. ప్రకాశం ముఖ్యమంత్రిత్వం 1954 నవంబరు 6న మద్యనిషేధం గొడవలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అంత దగ్గరగా అధికారాన్ని చూసిన కుర్రవాడు తరువాత ఆరు దశాబ్దాలకు పైగా పత్రికల్లో రాశారు, వేదికల మీద మాట్లాడారు, 2021లో పోయారు. ఉత్తరం రాయడం నేర్పింది ప్రకాశం కొలువే అయినా, ఆయన్ను లోకం గుర్తుపెట్టుకున్నది రచయితగానే.

సంపుటం తొలి పుట

ఆంధ్రప్రదేశ్ శాసనసభ చర్చల పాత సంపుటాలు గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి దొరుకుతాయి. లోపలి పుటలో సభ అధికారుల జాబితా ఉంటుంది. సభాపతి, ఉపసభాపతి, ప్యానెల్ సభ్యులు, కార్యదర్శి, ఉపకార్యదర్శులు, సహాయ కార్యదర్శులు, చిట్టచివర ముఖ్య ప్రతివేదకుడు. అక్కడితో జాబితా ఆగుతుంది. ఆ తరువాతి వందల పుటలను వంతులవారీగా చేత్తో పట్టుకున్న ప్రతివేదకుల పేర్లు అందులో ఉండవు.